రేణిగుంట నుంచి డాలస్‌కు దారి ఉత్తరాన ఉంది

తిరుపతిలో ఇప్పుడు ఏ వీధికి వెళ్లినా, డాలస్‌లోనో దాని చుట్టుపక్కల ఉన్న ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో ఊళ్లలోనో పిల్లలున్న ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. వీసా చేతికి రాగానే ఆ ఇళ్లలోని పెద్దలు అడిగే మొదటి ప్రశ్న, “సార్, గాల్లో ఎంతసేపు ఉండాల?” అన్నదే. గణితం చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి ఆ ప్రశ్న తరచుగా నా దగ్గరికి వస్తుంది. ఒక్క అంకె చెప్పి పంపించవచ్చు గానీ, ఆ అంకె వెనక ఉన్న లెక్క తెలిస్తే టికెట్టు ఎంచుకోవడంలోనూ, ప్రయాణానికి సిద్ధపడటంలోనూ ఎంతో మేలు జరుగుతుందని నా అభిప్రాయం. అందుకే ఆ లెక్క మొత్తం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

రెండు విమానాశ్రయాల పేర్లు ఇస్తే దూరం చెప్పే వెబ్‌సైట్లు చాలానే ఉన్నాయి. రేణిగుంట, డాలస్–ఫోర్ట్‌వర్త్ అని రెండు పేర్లు ఇచ్చి లెక్క కడితే దూరం దాదాపు 14,830 కిలోమీటర్లు వస్తుంది. అదే దూరాన్ని ఒకచోట 9,210 మైళ్లని, మరోచోట 8,010 మైళ్లని చూసి, ఈ రెండింటిలో ఏది తప్పని అడిగేవారు ఉంటారు. రెండూ సరైనవే. మొదటిది మన పెద్దలు రోడ్డు మీద లెక్కపెట్టిన మైలు, అంటే సుమారు 1.609 కిలోమీటర్లు; రెండోది ఓడలవారూ విమానాలవారూ వాడే నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. నాటికల్ మైలు అంటే భూగోళం మీద డిగ్రీలో అరవయ్యో వంతు పొడవు కనుక, డిగ్రీల్లో వచ్చిన కోణాన్ని అరవైతో గుణిస్తే దూరం నేరుగా చేతికి వస్తుంది. పైలట్లు ఇప్పటికీ దాన్ని వదలకపోవడానికి ఆ సౌకర్యం ఒక ముఖ్య కారణం.

దూరం పక్కనే ఆ వెబ్‌సైట్లు విమాన సమయం కూడా చూపిస్తాయి: పదహారున్నర గంటలనో, పదిహేడు గంటలనో. లెక్కగా చూస్తే అందులో పొరపాటేమీ లేదు. అయితే ఆ విమానం మాత్రం లేదు. రేణిగుంట నుంచి డాలస్‌కు నేరుగా ఎగిరే విమానం ఏదీ లేదు, చెన్నై నుంచీ లేదు. లేని విమానానికి సరైన సమయం చెప్పడం తప్ప ఆ వెబ్‌సైట్లు చేస్తున్నదేమీ లేదు. అయినా ఆ దూరాన్ని పక్కన పెట్టేయకూడదు. మిగిలిన దారులన్నీ దానికంటే ఎంత ఎక్కువో చూసుకోవడానికి కొలబద్దగా పనికొచ్చేది అదే.

ముందు ఆ 14,830 కిలోమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. రేణిగుంట విమానాశ్రయం భూమధ్యరేఖకు ఉత్తరంగా 13.63 డిగ్రీల అక్షాంశం మీద, తూర్పున 79.54 డిగ్రీల రేఖాంశం మీద ఉంది. డాలస్ విమానాశ్రయం ఉత్తరంగా 32.90 డిగ్రీలు, పడమట 97.04 డిగ్రీలు. ఇప్పుడు మన రేఖాంశాన్ని 180 లోంచి తీసేస్తే 100.46 వస్తుంది. అంటే రేణిగుంట మీదుగా ఉత్తరానికి గీసిన గీత ధ్రువం దాటి, భూగోళానికి అవతలి వైపు పడమర 100.46 డిగ్రీల గీతగా కిందికి దిగుతుంది. డాలస్ ఉన్నది 97 దగ్గర. తేడా మూడున్నర డిగ్రీలు కూడా లేదు. కాబట్టి తిరుపతివారికి డాలస్ తూర్పునా లేదు, పడమరా లేదు. ధ్రువానికి సరిగ్గా అవతలి వైపున ఉంది, అక్కడికి అతి దగ్గర దారి ఉత్తర దిక్కుగా ఉంది.

ఈ సంగతి పట్టుకుంటే కాలిక్యులేటర్ కూడా అక్కర్లేకుండా దూరం తేలిపోతుంది. రేణిగుంట నుంచి ధ్రువానికి 90 లోంచి 13.63 తీసేస్తే 76.37 డిగ్రీలు, ధ్రువం నుంచి డాలస్‌కు 90 లోంచి 32.90 తీసేస్తే 57.10 డిగ్రీలు, రెండూ కలిపితే 133.47. భూమి మీద ఒక డిగ్రీ పొడవు సుమారు 111 కిలోమీటర్లు కనుక, గుణిస్తే 14,815 వస్తుంది. గోళీయ త్రికోణమితి సూత్రంతో దశాంశాలు వదలకుండా చేసిన లెక్కకూ దీనికీ తేడా పది, పదిహేను కిలోమీటర్లే. డిగ్రీకి 111 అన్న అంకెను గుర్తుపెట్టుకోవడం కూడా కష్టం కాదు: ఫ్రెంచివారు మీటరును మొదట నిర్ణయించినప్పుడు భూమధ్యరేఖ నుంచి ధ్రువానికి ఉన్న దూరాన్ని కోటి మీటర్లుగా, అంటే పదివేల కిలోమీటర్లుగా తీసుకున్నారు, దాన్ని తొంభైతో భాగిస్తే 111 వస్తుంది.

కాగితం మీద లెక్క నమ్మనివారికి నేను గ్లోబు చూపిస్తాను. మా ఇంట్లో ఉన్నది ముప్ఫై సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు. దాని నడుము చుట్టూ దారం చుడితే 94 సెంటీమీటర్లు వస్తుంది, అది భూమి చుట్టుకొలత అయిన 40,000 కిలోమీటర్లకు సమానం. దారం ఒక కొసను తిరుపతి దగ్గర బొటనవేలితో అదిమి, రెండో కొసను డాలస్ దగ్గర పట్టుకుని గట్టిగా లాగితే, అరేబియా సముద్రం మీద ఉంచిన దారం కూడా జారి జారి పైకి పోయి, ధ్రువం దగ్గర గ్లోబుకు బిగించిన ఇత్తడి మరకు ఆనుకుని ఆగుతుంది. అప్పుడు దాని పొడవు కొలిస్తే 35 సెంటీమీటర్లు. దారం బిగుసుకునే దారి కంటే దగ్గర దారి గోళం మీద మరొకటి ఉండదు. ఇంగ్లీషులో గ్రేట్ సర్కిల్ అంటారు. భూమిని సరిగ్గా రెండు సమాన భాగాలుగా కోసే వృత్తంలోని ముక్క అది.

ఆ దారం వెంబడి ఊళ్లను గుర్తిస్తే ముచ్చటగా ఉంటుంది. రేణిగుంటలో బయలుదేరిన గీత ఉత్తరానికి, అతి స్వల్పంగా పడమరకు వాలుతూ నాగపూర్ మీదుగా పోతుంది. ఆగ్రాకు కాస్త తూర్పుగా సాగి, ఋషీకేశ్ మీదుగా హిమాలయాల్లోకి ప్రవేశిస్తుంది. టిబెట్ పడమటి అంచును, చైనాలోని తక్లమకాన్ ఎడారిని, తియాన్‌షాన్ పర్వతాలను దాటి కజకిస్తాన్‌లోని ఆల్మటీని తాకుతుంది. అక్కడి నుంచి పశ్చిమ సైబీరియా, ఆర్కిటిక్ సముద్రం. ధ్రువానికి 430 కిలోమీటర్ల లోపు దూరంలోంచి వెళ్లి, కెనడా ఉత్తరపు దీవుల మీదుగా కిందికి దిగి, అమెరికాలో ఒమాహాను పలకరించి డాలస్ చేరుతుంది. శ్రీవారి పాదాల దగ్గర బయలుదేరిన గీత గంగ ఒడ్డున ఉన్న ఋషీకేశ్ మీదుగా అమెరికా చేరుతుందని చెబితే మా వీధిలోని పెద్దలకు ఈ లెక్క మొత్తంలో అదే ఎక్కువ నచ్చుతుంది, నాకేమీ అభ్యంతరం లేదు.

దీనికి మరో పాత సంబంధం కూడా ఉంది. భారతదేశంలో డిగ్రీ పొడవును శాస్త్రీయంగా కొలిచే మహా సర్వే 1802 ఏప్రిల్‌లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ ఎదుట మొదలైంది. అక్కడివారు ఆ కొండను పరంగిమలై అంటారు. విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి నూరడుగుల ఉక్కు గొలుసును మళ్లీ మళ్లీ నేల మీద పరిచి, సుమారు 12 కిలోమీటర్ల ఆధార రేఖను కొలిపించాడు. ఆ రేఖ మీద త్రిభుజాలు కట్టుకుంటూ పోయిన పని తరువాతి కాలంలో కన్యాకుమారి నుంచి హిమాలయ పాదం దాకా, దాదాపు 78 డిగ్రీల రేఖాంశం వెంబడి, మహా చాపంగా సాగింది. లాంబ్టన్ 1823లో నాగపూర్‌కు దక్షిణాన ఉన్న హింగన్‌ఘాట్‌లో ఆ పని మీదే ఉండగా మరణించాడు. తరువాత జార్జ్ ఎవరెస్ట్ దాన్ని డెహ్రాడూన్ దాకా తీసుకువెళ్లాడు. డాలస్ వెళ్లడానికి మనం విమానం ఎక్కే చెన్నై విమానాశ్రయం ఆ పరంగిమలైకి పక్కనే ఉంది. చెన్నై నుంచి డాలస్‌కు అతి దగ్గర దారి గీసినా, మన దేశం దాటేదాకా అది ఆ చాపానికి కొద్దిపాటి దూరంలోనే నడుస్తుంది. విమానాశ్రయం దగ్గర ట్రాఫిక్‌లో కారు నిలిచిపోయినప్పుడు ఆ కొండ వైపు ఒకసారి చూడమని నేను అందరికీ చెబుతుంటాను.

బడి గోడకు వేలాడే ప్రపంచ పటం మీద మాత్రం ఈ దారి కనబడదు. దాని మీద తిరుపతి నుంచి డాలస్‌కు స్కేలు పెడితే గీత అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పడమరకు పోతుంది. 1569లో మెర్కేటర్ అనే పటాల నిపుణుడు గీసిన ఈ పద్ధతిలో దిక్కులు నిలుస్తాయి, కొలతలు నిలవవు. ధ్రువం ఎప్పటికీ పటంలోకి రాదు. ఓడ నడిపేవాడికి అది వరమైంది. మన ప్రశ్నకు మాత్రం పనికిరాదు.

మరి ఆ ఉత్తరపు దారిలో మనల్ని ఎవరూ ఎందుకు తీసుకెళ్లరు? విమానానికి శక్తి లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు దాదాపు 15,350 కిలోమీటర్ల దూరాన్ని ఎయిర్‌బస్ ఏ350 రకం విమానాలు రోజూ ఎక్కడా ఆగకుండా, పద్దెనిమిదిన్నర గంటలకు పైగా ఎగిరి చేరుతున్నాయి. డాలస్ మనకు అంతకంటే దగ్గరే. మన పక్క రాష్ట్రం నుంచే దీనికి ఉదాహరణ చెప్పవచ్చు: 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు నేరుగా నడిపిన మొదటి విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. జోయా అగర్వాల్, తన్మయి పాపగారి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్ అనే నలుగురు మహిళలే దాన్ని నడిపారు. ఆ రెండు ఊళ్ల మధ్య దూరం దాదాపు 13,990 కిలోమీటర్లు.

అడ్డంకుల్లో మొదటిది జనం లెక్క. ఒక పెద్ద విమానం రోజూ నిండాలంటే మూడువందల మంది ఒకే ఊరి నుంచి ఒకే ఊరికి రోజూ బయలుదేరాలి. రేణిగుంట విమానాశ్రయానికి 2015లో గరుడ అనే కొత్త టెర్మినల్ వచ్చింది, 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది, 2,286 మీటర్ల రన్‌వేను 3,810 మీటర్లకు పొడిగించే పని చేపట్టారు. రన్‌వే పొడవు నిజంగానే ముఖ్యం. మే నెల ఎండకు గాలి పలచబడినప్పుడు నిండా ఇంధనంతో ఉన్న విమానం పైకి లేవడానికి ఎక్కువ పరుగు కావాలి. అయితే హోదా, రన్‌వే రెండూ ఉన్నంత మాత్రాన డాలస్ విమానం వస్తుందని ఆశ పెట్టుకోవడం నా దృష్టిలో అత్యాశ. గల్ఫ్ నగరాలు చెన్నై, హైదరాబాద్, కొచ్చి, కొలంబో, ఢాకా నుంచి వచ్చేవారందరినీ ఒకచోట పోగుచేసి, ఒకే విమానంలో డాలస్‌కు పంపుతాయి. ఆ పోగుచేసే పనిని ఏ ఒక్క దక్షిణాది ఊరూ ఒంటరిగా చేయలేదు.

రెండోది హిమాలయాలు, టిబెట్. విమానంలో గాలి ఒత్తిడి పోతే పైలట్ వెంటనే సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి, ఎందుకంటే ప్రయాణికుల ముఖాల ముందుకు జారే ఆక్సిజన్ గొట్టాలు పావుగంట, ఇరవై నిమిషాలకు మించి పనిచేయవు. టిబెట్‌లో నేలే నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తులో ఉంటే దిగేది ఎక్కడికి? అందుకే చాలా విమానాలు ఆ పీఠభూమిని చుట్టి వెళ్తాయి. ఇక ధ్రువం దగ్గర చలికి ఇంధనం చల్లబడకుండా కనిపెట్టుకుని ఉండాలి. మనం వాడే జెట్ ఇంధనం సున్నాకు 47 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది. ఇంజనుకు ఏమైనా అయితే దిగడానికి దారి పొడవునా విమానాశ్రయాలు అందుబాటులో ఉండాలి. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న విమానం ఇంజను సమస్యతో రష్యా తూర్పు కొసన ఉన్న మగడాన్‌లో దిగింది. ప్రయాణికులు మరో విమానం వచ్చేదాకా అక్కడే ఉండవలసి వచ్చింది. మన వార్తాపత్రికల్లో ఆ ఊరి పేరు అంతకు ముందు ఎప్పుడూ కనబడి ఉండదు.

ఇన్ని చెప్పినా, చుట్టుదారిలో మనం పోగొట్టుకునేది తక్కువ. చెన్నై నుంచి గల్ఫ్‌లోని దోహాకు దాదాపు 3,290 కిలోమీటర్లు, దోహా నుంచి డాలస్‌కు దాదాపు 12,740, మొత్తం 16,030. చెన్నై నుంచి డాలస్‌కు నేరుగా గీసిన గీత 14,900. అంటే దోహాలో దిగి ఎక్కినందుకు అదనంగా పడేది 1,130 కిలోమీటర్లు, నూటికి ఏడెనిమిది పాళ్లు మాత్రమే. గంటల్లో చూస్తే గంటా పావు. అక్కడి నుంచి కూడా అతి దగ్గర దారి ఉత్తరానికే వంగి, ఐస్‌లాండ్ పక్కగా, గ్రీన్‌లాండ్ దక్షిణపు కొస మీదుగా దిగుతుంది. దూరం పెరిగిందని బాధపడవలసిన పని లేదు. అసలు సమయం పోయేది వేరేచోట.

సమయం లెక్కకు వద్దాం. పెద్ద జెట్ విమానం పైకి చేరాక గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది కనుక, దూరాన్ని 900తో భాగించి అరగంట కలిపితే ఉజ్జాయింపు సమయం వస్తుందని చాలామంది చెబుతారు. దూర ప్రయాణాలకు అది బాగానే కుదురుతుంది. దగ్గర ప్రయాణాలకు కుదరదు. హైదరాబాద్ నుంచి రేణిగుంటకు గాల్లో 420 కిలోమీటర్ల లోపే. 900తో భాగిస్తే 28 నిమిషాలు, అరగంట కలిపినా 58. టైంటేబుల్ మాత్రం గంటకు పైనే చూపిస్తుంది. టైంటేబుల్‌లో రాసేది విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా పట్టే సమయం. అందులో నేల మీద నడక, వరుసలో నిరీక్షణ, ఎత్తుకు ఎక్కడం, మళ్లీ దిగడం, ముందు జాగ్రత్తగా కలిపిన కొన్ని నిమిషాలు అన్నీ ఉంటాయి. పైగా చిన్న దారుల్లో తిరిగే ఏటీఆర్ విమానాలు ప్రొపెల్లర్లతో నడుస్తాయి, వాటి వేగం గంటకు 500 కిలోమీటర్లే.

దూర ప్రయాణాల్లో సమయాన్ని శాసించేది గాలి. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అనే వాయు ప్రవాహం గంటకు 150 నుంచి 300 కిలోమీటర్ల వేగంతో, శీతాకాలంలో మరింత బలంగా ఉంటుంది. విమానం 900తో ఎగిరేది గాలిలో. ఆ గాలే 150తో ముందుకు నెడితే నేల మీద దాని వేగం 1,050, ఎదురొస్తే 750. ఈ తేడా ఎంత పెద్దదో చూపడానికి ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో దారికి మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఆ సర్వీసు మొదలుపెట్టినప్పుడు అట్లాంటిక్ వైపు నుంచి సుమారు 13,900 కిలోమీటర్లు ఎగిరి వెళ్లేది. పదహారున్నర గంటలు పట్టేది. 2016 అక్టోబరులో దారి మార్చి పసిఫిక్ వైపుగా, గాలికి అనుకూలంగా, సుమారు 15,300 కిలోమీటర్లు ఎగిరింది. దూరం 1,400 పెరిగింది. సమయం రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నరకు వచ్చింది. దూరాన్ని బట్టే సమయం చెప్పే ఏ లెక్కకూ ఈ సంగతి అందదు. డాలస్ దారిలోనూ ఇంతే: దోహా నుంచి వెళ్లేటప్పుడు పదహారు గంటలు పట్టే దారి, వచ్చేటప్పుడు గంట, గంటన్నర తక్కువలో ముగుస్తుంది.

ఇక్కడ పిల్లలు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు: భూమి తిరుగుతోంది కదా, విమానం గాల్లోనే నిలబడితే డాలస్ దానంతట అదే కిందికి రాదా అని. తిరుపతి అక్షాంశం దగ్గర నేల గంటకు 1,600 కిలోమీటర్లకు పైగా వేగంతో తూర్పుకు తిరుగుతున్న మాట నిజమే. నేలతో పాటు గాలి కూడా తిరుగుతోంది, గాలితో పాటు విమానమూ తిరుగుతోంది. రేణిగుంట మీద నిలబడిన హెలికాప్టర్ గంట తరువాత కూడా రేణిగుంట మీదే ఉంటుంది.

గాలి తరువాత లెక్కలోకి రావలసింది దేశాల గగనతలం. 2022 ఫిబ్రవరి నుంచి అమెరికా, యూరప్ విమాన సంస్థలకు రష్యా తన ఆకాశాన్ని మూసివేసింది. మనవారికీ గల్ఫ్ సంస్థలకూ అది తెరిచే ఉంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారతీయ విమాన సంస్థలకు తన ఆకాశాన్ని మూసింది. ఆ తరువాత ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నా లాంటి చోట్ల ఆగవలసి వచ్చింది. గత ఏడాది వెళ్లివచ్చిన బంధువు చెప్పిన గంటలు ఈ ఏడాది మీ టికెట్టుకు వర్తించకపోవచ్చు, ఆయన చెప్పింది నిజమే అయినా సరే.

ఇప్పుడు టికెట్టు మీద ఉన్న గడియారాల సంగతి. టికెట్టులో ప్రతి సమయమూ ఆ ఊరి సమయమే. మనకూ డాలస్‌కూ తేడా శీతాకాలంలో పదకొండున్నర గంటలు. వారు మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు తిప్పుకున్నాక పదిన్నర. నవంబరు మొదటి ఆదివారం మళ్లీ పదకొండున్నర. దోహాకూ మనకూ ఎప్పుడూ రెండున్నరే. ఉదాహరణకు జనవరిలో ఒక టికెట్టు ఇలా ఉందనుకుందాం: చెన్నైలో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి, దోహాకు 6:15కు చేరి, అక్కడ 8:15కు ఎక్కి, అదే రోజు మధ్యాహ్నం 3:30కు డాలస్‌లో దిగాలి. చూడగానే పదకొండున్నర గంటల ప్రయాణంలా కనబడుతుంది, ఇంటికి తెచ్చి చూపించినవారు సంతోషంగానే తెస్తారు. డాలస్‌లో మధ్యాహ్నం 3:30 అంటే మనకు మరునాడు తెల్లవారుజామున 3 గంటలు. అంటే అసలు పట్టేది ఇరవై మూడు గంటలు. అందులో చెన్నై నుంచి దోహాకు నాలుగు ముప్పావు, దోహాలో రెండు, అక్కడి నుంచి పదహారుంపావు. గాల్లో ఉండేది ఇరవై ఒక్క గంట. “ఎంతసేపు ఉండాల” అన్న ప్రశ్నకు నేనిచ్చే సూటి జవాబు ఇది.

ఇంటి గడప నుంచి గడపకు లెక్క వేస్తే ఇంకా పెరుగుతుంది. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి మీదుగా చెన్నై విమానాశ్రయానికి దాదాపు 140 కిలోమీటర్లు. కారులో మూడు, మూడున్నర గంటలు పడుతుంది, నగరం చివర్లో అంతకు మించినా ఆశ్చర్యం లేదు. మూడు గంటల ముందు చేరాలి. డాలస్‌లో దిగాక ఇమ్మిగ్రేషన్ వరుస, సామాను, పిల్లల కారు. మొత్తం ముప్ఫై గంటలు దాటుతుంది, అందులో మూడో వంతు నేల మీదే. చిత్తూరు, పలమనేరు వైపు వారికి బెంగళూరు విమానాశ్రయం మేలు. మదనపల్లె వారికైతే చెప్పనక్కర్లేదు. తిరుపతి నుంచి బెంగళూరు విమానాశ్రయం 250 కిలోమీటర్లు కాబట్టి, టికెట్టు ధరలో గట్టి తేడా ఉంటే తప్ప అటు వెళ్లమని నేను చెప్పను.

మొత్తం గంటలు అతి తక్కువ ఉన్న టికెట్టే మంచిదని పిల్లలు అక్కడి నుంచి బుక్ చేసి పంపిస్తారు. అరవై ఐదు దాటిన తల్లిదండ్రులకు అది సరైన కొలత కాదని నా గట్టి అభిప్రాయం. గంటా పది నిమిషాల్లో దోహా లాంటి పెద్ద విమానాశ్రయంలో ఒక కొస నుంచి మరో కొసకు నడిచి, భద్రతా తనిఖీ దాటి, రెండో విమానం అందుకోవడం మోకాళ్ల నొప్పులున్నవారికి పరీక్షే. మూడు గంటల విరామం ఉన్న టికెట్టు మొత్తాన్ని ఇరవై నాలుగు గంటలకు తీసుకుపోయినా నేను దాన్నే ఎంచుకోమంటాను. అలాగే పదహారు గంటల ముక్క ఒకటి కంటే, యూరప్‌లో ఆగి పది, పదిన్నర గంటల ముక్కలు రెండుగా వెళ్లడం కొందరికి ఒంటికి పడుతుంది. కాళ్లు వాచేవారు, మధుమేహం ఉన్నవారు డాక్టరుకు చెప్పవలసింది మొత్తం ప్రయాణ గంటలు కాదు, కదలకుండా కూర్చునే అతి పొడవైన ముక్క ఎన్ని గంటలన్నది. మందులు ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో కూడా ఆ డాక్టరునే అడిగి, కాగితం మీద మన సమయంలో రాయించుకోవడం మంచిది.

తిరుగు ప్రయాణం గంటల్లో తక్కువ, తేదీల్లో ఎక్కువ. డాలస్‌లో శుక్రవారం రాత్రి 7 గంటలకు ఎక్కితే, అప్పటికే మనకు శనివారం ఉదయం 6:30. పద్నాలుగు ముప్పావు గంటల్లో దోహా, అక్కడ గంట ముప్పావు విరామం, ఆపై నాలుగుంపావు గంటల్లో చెన్నై. మొత్తం ఇరవై ముప్పావు గంటలు. గాలి వెనక నుంచి నెట్టడం వల్ల గాల్లో ఉండే సమయం వెళ్లేటప్పటి కంటే రెండు గంటలు తగ్గింది. అయినా చెన్నైలో దిగేసరికి ఆదివారం తెల్లవారుజామున 3:15 అవుతుంది. టికెట్టు మీద ఆదివారం అని చూసి ఆదివారం సాయంత్రానికి కారు మాట్లాడేవారు ఉన్నారు. ఆ కారు శనివారం రాత్రి భోజనాలు కాగానే, పది, పదిన్నర ప్రాంతంలో తిరుపతిలో బయలుదేరాలి. డ్రైవరుకు తేదీ చెప్పేటప్పుడు “శనివారం రాత్రి” అనే చెప్పండి, “ఆదివారం తెల్లవారుజామున” అని చెప్పవద్దు.